సామగ్రి లెక్కయు రేడియో చీటీయు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు నిండిన గ్రంథాలయమును చూడవచ్చినవారు మొదట అడుగు ప్రశ్న, “ఇందు గ్రంథములెన్ని?” అనునది. “అవి అన్నియు నేడు ఇచ్చట ఉన్నవా?” అని రెండవ ప్రశ్న అడుగువారు అరుదు. మొదటి ప్రశ్నకు రిజిస్టరు తెరచి సమాధానము చెప్పవచ్చును. రెండవదానికి బీరువాలు తెరువవలెను. రిజిస్టరు చెప్పు సంఖ్యకును బీరువా చెప్పు సంఖ్యకును నడుమ ఎంత దూరమున్నదో, ప్రజల సొమ్ము మీద ఆ సంస్థకు శ్రద్ధ అంత తక్కువయని గ్రహింపవచ్చును. గ్రంథాలయమునకే కాదు, సహకార సంఘమునకు, పాఠశాలకు, ఆసుపత్రికి, మార్కెటు కమిటీకి కూడ ఇదే కొలత.

ఈ రెండు సంఖ్యలను ఒక్కటి చేయుటకు ఈ కాలమున రేడియో తరంగములతో పనిచేయు చిన్న చీటీలు వచ్చినవి. వానిని ఆర్.ఎఫ్.ఐ.డి. ట్యాగులని పిలుచుచున్నారు. అవి ఏమి చేయగలవు, ఏమి చేయలేవు, ఆర్మూరు వంటి పసుపు సీమలో వానికి చోటెక్కడ అను సంగతులే ఈ ప్రసంగమునకు విషయము.

ఉన్న వస్తువులను ఏటేట చూచుకొను ఆచారము తెలుగునాట క్రొత్తది కాదు. దసరా పండుగకు రైతు నాగలిని, పారను, కొడవలిని, గొడ్డలిని బయటికి తీసి, కడిగి, పసుపు కుంకుమలు పెట్టును. కమ్మరి సుత్తికి పెట్టును. దర్జీ కుట్టుమిషనుకు పెట్టును. డ్రైవరు లారీకి పెట్టును. ఆ పూజలో భక్తితో పాటు లెక్కయు ఇమిడియున్నది. ఏ పనిముట్టు కనబడలేదో, దేని పిడి వదులైనదో, దేనిని పొరుగింటివారు తీసికొనిపోయి తిరిగి ఈయలేదో ఆనాడు బయటపడును. బొట్టు పడిన వస్తువు ఉన్నట్లు, పడనిది వెదకవలసినట్లు. ఇరువది పనిముట్లు గల ఇంటికి ఆ పసుపు బొట్టు చాలును. ఇరువది వేల వస్తువులు గల సంస్థకు బొట్టుతో పాటు నంబరు కావలెను. నంబరుతో పాటు పట్టిక కావలెను. పట్టికతో పాటు బాధ్యుడు కావలెను.

ఈ అవసరము ఆర్మూరు ప్రాంతమునకు ఎట్లు కలిగినదో చూడవలెను. హైదరాబాదు-నాగపూరు రహదారిని 63వ నంబరు జాతీయ రహదారి కలియు చోట, నవనాథ సిద్ధుల గుట్టను ఆనుకొని ఈ పట్టణమున్నది. చుట్టునున్న బాల్కొండ, వేల్పూరు, మోర్తాడు, జక్రాన్‌పల్లి గ్రామ సీమలలో పసుపు ప్రధానమైన పంట. వానకాలపు ప్రారంభమున నాటిన పసుపు మరుసటి జనవరి మొదలు త్రవ్వకమునకు వచ్చును. త్రవ్విన పసుపును ఉడికింపవలెను. ఇంచుమించు రెండు వారములు ఎండబెట్టవలెను. డ్రమ్ములో వేసి పాలిషు పట్టవలెను. కొమ్మును గోళను వేరుచేసి బస్తాల కెత్తి నిజామాబాదు గంజునకు తోలవలెను. ఈ పనులలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క సామగ్రి కావలెను. ఆవిరితో ఉడికించు బాయిలరు, పాలిషు డ్రమ్ము, టార్పాలిన్లు, కాంటాలు అన్నియు ప్రతి రైతు ఇంటను ఉండవు. కొందరు కిరాయికి తెచ్చుకొందురు. కొందరు సంఘము నుండి తెచ్చుకొందురు. కొందరు బంధువులను అడిగి తెచ్చుకొందురు. నేడు ఒకరి చేని వద్ద ఉన్న బాయిలరు ఎల్లుండి వేరొకరి కల్లము వద్ద ఉండును.

వరి కొనుగోలు కేంద్రముల సంగతియు ఇట్టిదే. మహిళా సంఘములును, సహకార సంఘములును నడుపు ఆ కేంద్రములకు సీజను మొదట టార్పాలిన్లు, ఎలక్ట్రానిక్ కాంటాలు, తేమ మీటర్లు, ప్యాడీ క్లీనర్లు పంపబడును. అవి కొన్ని వారములు ఊరూర చెదరియుండి, కొనుగోలు ముగిసిన పిదప గోదామునకు తిరిగి రావలెను. మరల ఆరు నెలలకు అవే వస్తువులు అవే ఊళ్లకు పోవలెను. పోవుటకును వచ్చుటకును నడుమ ఏమి జరిగినదో వ్రాసియుంచనిచో, మరుసటి సీజనుకు సగము సామగ్రిని క్రొత్తగా కొనవలసివచ్చును.

పోయిన వస్తువు దొంగల పాలైనదని అనుకొనుట లోకరీతి. అనుభవజ్ఞులైన గోదాము గుమాస్తాలు అట్లు అనుకొనరు. దొంగ ఎత్తుకొనిపోవునది ఒకటైనచో, మరపు ఎత్తుకొనిపోవునవి పది. ఏప్రిల్ నెలలో అకాలవర్షము పట్టుకొన్నప్పుడు కల్లము మీది ధాన్యము తడియుచుండగా, దానిని కప్పవలసిన టార్పాలిన్లు పొరుగూరి గోదాములో కట్టలు విప్పకయే పడియుండుట అసాధ్యము కాదు. అప్పుడు రైతునకు కలిగిన నష్టము సామగ్రి లేనందువలన కలిగినది కాదు. ఉన్న సంగతి తెలియనందువలన కలిగినది.

ఇంతకంటె బాధాకరమైన నష్టము మరియొకటి కలదు. లెక్క లేని చోట వస్తువు పోయినప్పుడు నింద ఎవరి మీద పడును? తీర్మానము చేసిన పెద్దల మీద పడదు. తాళము తీసిన కావలివాని మీద, బరువు మోసిన హమాలీ మీద, కేంద్రము నడిపిన మహిళా సంఘపు సభ్యురాలి మీద పడును. “తిరిగి అప్పగించినాను” అని ఆమె చెప్పిన మాటకు కాగితము తోడు లేనిచో ఆ మాట గాలిలో పోవును. కావున సామగ్రి లెక్క ఆస్తిరక్షణ మాత్రమే కాదు. నిజాయితీగా పనిచేసిన చిన్నవారికి మానరక్షణ కూడ. ఈ లెక్క సంగతిని పెద్ద సంస్థలకు మాత్రమే విడిచిపెట్టరాదనుటకు ఇదియే ముఖ్య కారణము.

ప్రతి వస్తువును గురించి మూడు ప్రశ్నలకు సమాధానము ఉండవలెను. ఇది ఏది? ఎక్కడ ఉన్నది? ఎవరి చేత ఉన్నది? మొదటిదానికి నంబరు సమాధానము. రెండవదానికి స్థలము పేరు సమాధానము. మూడవదానికి సంతకము సమాధానము. ఎంత గొప్ప యంత్రము వచ్చినను ఈ మూడు ప్రశ్నలు మారవు. సమాధానము వచ్చు వేగము మాత్రమే మారును.

ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క నంబరు ఎంత అవసరమో నిజామాబాదు జిల్లా 2019లో దేశమునకు చూపినది. పసుపు బోర్డు కావలెననియు, పసుపునకును ఎర్రజొన్నకును గిట్టుబాటు ధర కావలెననియు కోరుచు ఆ సంవత్సరము రైతులు గుంపులు గుంపులుగా నిజామాబాదు లోకసభ స్థానమునకు నామినేషన్లు వేసిరి. బరిలో నిలిచిన అభ్యర్థులు 185 మంది. అందు 170 మందికి పైగా రైతులే. ఓటు వేయు యూనిట్టు ఒక్కొక్కదానిపై 16 పేర్లు మాత్రమే పట్టును. 185 పేర్లకు నోటాను కలిపినచో 12 యూనిట్లు కావలెను. పాత నమూనా యంత్రమునకు 4 యూనిట్లకు మించి కలుపుటకు వీలులేదు. కావున 24 యూనిట్ల వరకు కలుపుకొనగల క్రొత్త నమూనా యంత్రములను వాడవలసివచ్చినది. 1,778 పోలింగు కేంద్రములకు కేంద్రమునకు 12 చొప్పున ఓటు యూనిట్లే 21 వేలు దాటినవి. నియంత్రణ యూనిట్లు, ఓటు చీటీని చూపు వీవీప్యాట్లు, అదనముగా సిద్ధపరచవలసినవి వేరు. 2019 ఏప్రిల్ 11న పోలింగు జరిగినది. రైతులు కోరిన జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాదు ప్రధాన కేంద్రముగా ప్రారంభమైనది.

ఆ 21 వేల యూనిట్లు చూచుటకు ఒకే రీతిగా ఉండును. వానిలో ఏది ఏ గోదాము నుండి వచ్చినదో, ఏ కేంద్రమునకు పోయినదో, ఏ స్ట్రాంగు రూములో చేరినదో తెలియనిచో ఎన్నికయే సంశయాస్పదమగును. కావున ప్రతి యూనిట్టునకు తనదైన నంబరు కలదు. ఎన్నికల సంఘపు కంప్యూటరు పట్టికలో ఆ నంబరు ననుసరించి యంత్రముల రాకపోకలు నమోదగును. యంత్రము మీది బార్‌కోడును చదివి ఆ పనిని చేయుదురు. కార్యాలయములోని కుర్చీకి నంబరు వేయుటకు బద్ధకించు సంస్థలు ఈ ఉదాహరణమును గుర్తుంచుకొనదగును.

గంజులోను ఇదే సూత్రము నడచుచున్నది. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ అను జాతీయ వ్యవసాయ విపణి ప్రారంభమైనప్పుడు తొలుత చేరిన 21 మార్కెట్లలో నిజామాబాదు ఒకటి. రైతు తెచ్చిన పసుపునకు లోపలికి వచ్చునప్పుడే లాటు నంబరు పడును. తూకము, ధర, చెల్లింపు అన్నియు ఆ నంబరు వెంట నడచును. నంబరు ముందు, బేరము తరువాత.

నంబరును చదువుటకు మూడు మార్గములు కలవు. మొదటిది కంటితో చదివి చేతితో వ్రాయుట. ఇందు ఖర్చు లేదు. కాని 6ను 8గా చదువుట, 17ను 71గా వ్రాయుట మానవ సహజము. రెండవది బార్‌కోడు. సబ్బుబిళ్ల కాగితము మీదను, మందుల డబ్బా మీదను కనబడు నల్ల గీతలే బార్‌కోడు. యంత్రము వెలుతురును ప్రసరింపజేసి ఆ గీతలను చదువును. తప్పు పడదు, కాని గీతలు కంటికి ఎదురుగా ఉండవలెను, ఒకదాని తరువాత ఒకటి చదువవలెను, పసుపు దుమ్ము పట్టినను, వానకు చివికినను చదువుట కుదరదు. మూడవది రేడియో చీటీ. దీనికి చూపు అవసరము లేదు. కట్ట లోపలనున్నను, బీరువా లోపలి వరుసలోనున్నను, చెక్కకును కాగితమునకును గుడ్డకును అవతలనున్నను పలుకును. అనేక చీటీలు కొద్ది క్షణములలో పలుకగలవు.

ఇది ఎట్లు పలుకునో తెలిసికొనుట కష్టము కాదు. చీటీలో నువ్వుగింజ కంటె చిన్నదియగు చిప్పు ఒకటి, దానికి అతికిన పలుచని లోహపు ఆంటెన్నా ఒకటి ఉండును. సాధారణపు చీటీలో బ్యాటరీ ఉండదు. చదువు యంత్రము రేడియో తరంగములను పంపగా, ఆంటెన్నా వాని నుండి కొద్దిపాటి విద్యుత్తును గ్రహించి చిప్పును మేలుకొల్పును. మేలుకొనిన చిప్పు తన నంబరును చెప్పుటకు స్వయముగా తరంగములను పుట్టింపదు. తన మీద పడిన తరంగములనే ఒకమారు హెచ్చుగను, ఒకమారు తక్కువగను త్రిప్పి పంపును. ఎండలో అద్దపు ముక్కను అటునిటు కదలించి అల్లంత దూరముననున్న స్నేహితునికి సంజ్ఞ చేయు పిల్లవాని పని వంటిదే ఇదియు. ఎండ పిల్లవానిది కాదు; సంజ్ఞ మాత్రము వానిది. ఈ ప్రతిఫలన పద్ధతిని హారీ స్టాక్‌మన్ అను ఇంజనీరు 1948 అక్టోబరులోనే ఒక శాస్త్రపత్రికలో వివరించెను. చౌకగా దొరకు చిన్న చిప్పు వచ్చు వరకు ఆ ఆలోచన దశాబ్దములు వేచియుండవలసివచ్చినది.

చీటీలన్నియు ఒక్కసారి పలికినచో అంగడిలోని గోల వలె ఏదియు వినబడదు గదా యని సందేహము కలుగవచ్చును. యంత్రము కొన్ని వంతులను ప్రకటించును. ఒక్కొక్క చీటీ ఒక్కొక్క వంతును యాదృచ్ఛికముగా ఎంచుకొని పలుకును. ఒకే వంతున రెండు పలికి చిక్కుపడినచో మరుసటి విడతలో మరల ఎంచుకొనును. ఇట్లు అన్నియు క్షణములలో ముగియును.

ఆర్మూరు వాసులకు ఈ చీటీ అపరిచితము కాదు. కారు ముందు అద్దమునకు అతికించు ఫాస్టాగు ఇదియే. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుండి జాతీయ రహదారుల టోలు గేట్లలో అది తప్పనిసరియైనది. హైదరాబాదునకు పోవువారు ఇందల్వాయి టోలు గేటు వద్ద దాని పనిని చూచుచునే యున్నారు. ఇందొక ముఖ్యాంశము కలదు. ఫాస్టాగులో డబ్బు లేదు. గుర్తింపు నంబరు కలదు. డబ్బు బ్యాంకు ఖాతాలోనున్నది. అట్లే సామగ్రి చీటీలో వస్తువు చరిత్ర ఉండనక్కరలేదు. నంబరు ఉండిన చాలును. చరిత్ర రిజిస్టరులో ఉండవలెను. రిజిస్టరు లేని సంస్థ చీటీలు కొనుట, ఖాతా లేనివాడు ఫాస్టాగు అతికించుకొనుట వంటిది.

రేడియో చీటీలలో ముఖ్యముగా రెండు తెగలు కలవు. 13.56 మెగాహెర్ట్‌జుల వద్ద పనిచేయునవి అయస్కాంత క్షేత్రముతో దగ్గరగా చదువబడును. వాని దూరము మీటరుకు లోపలనే. గ్రంథాలయములలో ఎక్కువగా వాడునవి ఇవి. మన దేశమున 865 నుండి 868 మెగాహెర్ట్‌జుల నడుమ పనిచేయునవి కొన్ని మీటర్ల దూరము నుండి చదువబడును. టోలు గేటునకును, గోదాము ద్వారమునకును ఇవి తగినవి. గ్రంథాలయములలో ఈ చీటీని మొదట వాడినవారిలో సింగపూరు ముందున్నది. అచ్చటి బుకిట్ బాతోక్ గ్రంథాలయమున 1998లోనే ఇది ప్రవేశపెట్టబడినది. పాఠకుడు పుస్తకమును బల్ల మీద ఉంచినంతనే అది అతని పేర నమోదగును. తిరిగి పెట్టెలో వేసినంతనే బాకీ తీరును.

గ్రంథాలయమునకు దీని నిజమైన ఉపకారము మరియొకటి. బీరువాలో తప్పు వరుసలో చేరిన పుస్తకము, ఉండియు లేని పుస్తకము. 1931లో గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములు చెప్పిన రంగనాథన్ మహాశయుడు పాఠకుని కాలమును కాపాడవలెనని ఒక సూత్రము పెట్టెను. చేతి యంత్రమును వరుస వెంట త్రిప్పుచు పోయినచో, తప్పు చోటనున్న పుస్తకమును అది పట్టి చూపును. పుస్తకములను దించక, దుమ్ము లేపక, గ్రంథాలయమును మూయక తనిఖీ ముగియును.

ఇక ఈ చీటీ చేయలేని పనులను చెప్పనిచో ప్రసంగము వర్తకుని ప్రకటన యగును.

మొదటిది: లోహము, నీరు దీనికి శత్రువులు. లోహము తరంగములను తిప్పికొట్టును, నీరు మ్రింగివేయును. ఇనుప బాయిలరుకు సామాన్యపు కాగితపు చీటీ అతికించినచో అది మూగయగును. చీటీకిని ఇనుమునకును నడుమ ఎడముంచి, లోహము కొరకే తయారుచేసిన చీటీని బిగింపవలెను. అది బాయిలరు వేడిని తట్టుకొనునదై యుండవలెను. తడిసిన టార్పాలిన్ల కట్ట నడిమి చీటీలు పలుకకపోవచ్చును. పలుకనిది లేనట్లు కాదని గుమాస్తాకు నేర్పవలెను.

రెండవది: బ్యాటరీ లేని చీటీ తానెక్కడనున్నదో దూరము నుండి చెప్పలేదు. ఉపగ్రహములతో దీనికి సంబంధము లేదు. చదువు యంత్రము ముందు నుండి పోయినప్పుడు మాత్రమే పలుకును. “చివరిసారి ఫలానా తేదీన, ఫలానా ద్వారము దాటినది” అనుటయే దాని సాక్ష్యము. అంతకుమించి ఆశించినవారు నిరాశ చెందుదురు.

మూడవది: చీటీ తన ఉనికిని చెప్పును, వస్తువు ఉనికిని చెప్పదు. ఊడదీసిన చీటీ గల్లాపెట్టెలో ఉన్నచో, కాంటా కూడ అచ్చటనే ఉన్నదని యంత్రము నమ్మును.

నాలుగవది: ఉన్నదని చెప్పును గాని, బాగున్నదని చెప్పదు. కాంటా గోదాములోనున్నదని చీటీ తెలుపవచ్చును; ఆ కాంటా రైతు ధాన్యమును సరిగా తూచుచున్నదని తెలుపదు. దానికి తూనికలు కొలతల శాఖవారి ముద్రను కంటితో చూడవలెను. తేమ మీటరు ఉండుట వేరు. నిజము చెప్పుట వేరు.

ఐదవది: అన్ని చోట్లను చీటీ తగదు. ఓటు యంత్రములో రేడియో సంకేతమును స్వీకరించు భాగమేదియు లేదని ఎన్నికల సంఘము ప్రజలకు చెప్పుచున్నది. అట్టి యంత్రము మీద రేడియో చీటీని అతికించినచో, దానికి లోపలి భాగములతో సంబంధము లేకపోయినను, చూచువారి మనస్సున అనుమానము పుట్టును. అచ్చట బార్‌కోడే మేలు. వేగము కంటె విశ్వాసము విలువైన చోట్లు కలవని దీనివలన తెలియును. గ్రంథాలయపు చీటీలో కూడ పాఠకుని పేరు గాని, అతడు చదివిన పుస్తకముల వివరము గాని ఉంచరాదు. దారిని పోవువాని సంచిలోనున్న పుస్తకము తన పాఠకుని గుట్టును చాటరాదు.

అట్లయినచో ఎవరికి ఏది తగును? చిన్న లెక్క వేసి చూడవచ్చును. 3,000 పుస్తకములు గల గ్రామ గ్రంథాలయమున ఒకరు నంబరు చదువగా మరియొకరు రిజిస్టరులో గుర్తు పెట్టుచు నిమిషమునకు ఐదింటిని చూచినచో, 600 నిమిషములు, అనగా 10 గంటలు పట్టును. రెండు ఆదివారముల పని. దీనికి యంత్రములు కొనుట దండుగ. ఆ సొమ్ముతో పుస్తకములు కొనుట మేలు. పుస్తకపు వెన్నుపై స్పష్టమైన నంబరు, కుట్టు ఊడని రిజిస్టరు, ఏటేట తనిఖీ. ఈ మూడును చాలును.

ఒక సంఘము క్రింద 40 కొనుగోలు కేంద్రములున్నవనియు, కేంద్రమునకు 30 టార్పాలిన్లు, 2 కాంటాలు, ఒక తేమ మీటరు, ఒక ప్యాడీ క్లీనరు ఇచ్చిరనియు అనుకొన్నచో మొత్తము 1,360 వస్తువులు. సీజను చివర అవి అన్నియు ఇంచుమించు ఒకే వారములో తిరిగివచ్చును. మడత విప్పి, నంబరు వెదకి, వ్రాసికొనుటకు ఒక్కొక్కదానికి ఒక నిమిషము చొప్పున 22 గంటలకు పైగా పట్టును. హమాలీలు ఎదురుచూచుచుందురు, బండ్లు నిలిచియుండును, తొందరలో “అన్నియు వచ్చినవి” అని ఒక్క సంతకముతో ముగింతురు. లెక్క చెడునది ఆ క్షణముననే. ఇట్టి చోట గోదాము ద్వారము వద్ద చదువు యంత్రము ఉన్నచో బండి దిగుచుండగనే జాబితా సిద్ధమగును. చదువబడని వానిని మాత్రము చేతితో చూచిన చాలును. ఇచ్చట రేడియో చీటీకి చేసిన ఖర్చు వ్యర్థము కాదు. కాగితపు చీటీ ధర కొన్ని రూపాయలే. లోహము మీద బిగించునది దానికి పలురెట్లు. చదువు యంత్రము ఖరీదు అన్నిటికంటె ఎక్కువ. కావున చౌకవస్తువులకు వ్రాత నంబరు, వెలగల కదలెడి వస్తువులకు రేడియో చీటీ అను విభాగము ఉత్తమము.

పని మొదలుపెట్టువారికి క్రమము ముఖ్యము. ముందు ఉన్న వస్తువులన్నిటిని ఒకచోట చేర్చి జాబితా వ్రాయవలెను. పాడైనవానిని కమిటీ తీర్మానముతో తొలగింపవలెను. లేని వస్తువును రిజిస్టరులో మోయుట అబద్ధమును మోయుటయే. పిదప నంబరు వేయవలెను. ఒకమారు వేసిన నంబరును, ఆ వస్తువు పోయినను, మరియొకదానికి ఈయరాదు. ప్రతి గదికి, ప్రతి కేంద్రమునకు పేరు పెట్టవలెను. ప్రతి వస్తువునకు ఒక బాధ్యుని పేరు వ్రాయవలెను. ఇన్ని చేసిన తరువాతనే చీటీ సంగతి ఆలోచింపవలెను. ముందు చీటీలు కొని తరువాత జాబితా వ్రాయబోవుట, పసుపు త్రవ్వి తెచ్చిన తరువాత బాయిలరును వెదకుట వంటిది. వస్తువు చేయి మారునప్పుడు ఇచ్చువారును పుచ్చుకొనువారును ఇద్దరును సంతకము చేసి, ఒక ప్రతిని కేంద్రమువారికి ఈయవలెను. ఆ కాగితమే మహిళా సంఘపు సభ్యురాలికి కవచము.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటి నుండి తెలుగు గ్రంథాలయములు చేవ్రాత రిజిస్టర్ల మీద పెరిగినవి. పుస్తకము వచ్చిన తేదీ, ఇచ్చిన దాత, వెల, సంఖ్య అని వరుసగా వ్రాసిన ఆ రిజిస్టర్లను వ్రాసినవారు అనేకులు జీతము లేని సేవకులు. ఊరి సొమ్మునకు తాము కాపలా కాయుచున్నామను భావమే వారిని వ్రాయించినది. ఆ భావము లేని చోట రేడియో చీటీ అలంకారము. ఉన్న చోట అది మంచి పనిముట్టు.

ఈ రజతోత్సవ సందర్భమున ఆర్మూరు సీమలోని గ్రంథాలయములును, సంఘములును, పాఠశాలలును ఒక చిన్న నియమమును పాటింపవచ్చును. ఏటేట దసరాకు ముందు వారము రోజులు సంస్థ సామగ్రిని లెక్కచూచుటకు కేటాయింపవలెను. కనబడిన ప్రతి వస్తువునకు రిజిస్టరులో గుర్తు పెట్టవలెను. కనబడనివాని జాబితాను దాచక గోడకు అంటింపవలెను. అది ఎవరినో నిందించుటకు కాదు. పొరపాటున తమ ఇంట మిగిలిపోయిన వస్తువును జనులు తెచ్చి ఈయుటకు. పిదప ఆయుధపూజనాడు బీరువాకును, కాంటాకును, బాయిలరుకును పసుపు బొట్టు పెట్టినచో, ఆ బొట్టు భక్తికి మాత్రమే కాక సత్యమునకు కూడ గుర్తు కాగలదు.